తెల్లారేసరికి మెమో

2024 ఆగస్టు 21 మధ్యాహ్నం అనకాపల్లి జిల్లా అచ్యుతాపురం సెజ్‌లోని ఎసెన్షియా ఫార్మా కంపెనీలో పేలుడు జరిగింది. 17 మంది చనిపోయారు. కాలిన ఒళ్లతో ఉన్నవాళ్లని అనకాపల్లి ఎన్టీఆర్ ఆస్పత్రికీ, ప్రైవేటు ఆస్పత్రులకీ, విశాఖకీ తరలించారు. ఆ తర్వాత జిల్లాలో నడిచిన చర్చ గుర్తు తెచ్చుకోండి. సాల్వెంట్ ఎక్కణ్ణుంచి కారింది, ఆవిరి ఎటు వెళ్లింది, నిప్పు ఎలా అంటుకుంది, సేఫ్టీ ఆడిట్ చేశారా లేదా. పైపు గురించి అడిగారు, వైరింగు గురించి అడిగారు, యాజమాన్యాన్ని అడిగారు.

అదే జిల్లాలో ఏ వార్డులోనైనా ఒక ఇంజెక్షన్ తప్పు పడిందనుకోండి. ప్రశ్న ఒక్కటే: "ఎవరిచ్చారు?" జవాబుకి కమిటీ కూడా అక్కర్లేదు. కేస్ షీట్‌లో టైమూ సంతకమూ ఉంటాయి. ఆ సంతకం చాలావరకు స్టాఫ్ నర్సుదే. మందు రాసింది డాక్టరు, కొన్నది ఇంకెవరో, పంపింది స్టోర్సు. ఒంట్లోకి ఎక్కించింది మాత్రం ఆమె. ఆ సంతకం పెట్టిన మనిషి మనసులో ఆ రాత్రి నుంచి ఏం జరుగుతుందన్నది ఈ అధ్యాయం విషయం. రోగికి జరిగిన నష్టం ముందు ఇది చిన్న సంగతిలా కనిపించవచ్చు. తర్వాత వచ్చే రోగి భద్రత దీని మీదే ఆధారపడి ఉందని చివరికొచ్చేసరికి తేలుతుంది.

ముందు తప్పు ఎలా పుడుతుందో దగ్గర్నుంచి చూద్దాం. మన దేశంలో ఇన్సులిన్ రెండు గాఢతల్లో దొరుకుతుంది. మిల్లీలీటరుకి 40 యూనిట్లది ఒకటి, 100 యూనిట్లది ఒకటి. మొదటిదానికి ఎర్ర మూత సిరంజి, రెండోదానికి నారింజ మూత సిరంజి. 100 యూనిట్ల సీసాలోంచి ఎర్ర మూత సిరంజితో 20 గీత దాకా లాగితే చేతిలోకొచ్చేది 20 యూనిట్లు కాదు, 50. రెండున్నర రెట్లు. షుగర్ పడిపోతుంది, రోగికి చెమటలు పోస్తాయి, మాట తడబడుతుంది, పట్టించుకోకపోతే స్పృహ పోతుంది. సిరంజి మీది అంకెలు తప్పు కావు, సీసా మీది అంకెలూ తప్పు కావు. ఒకదానికొకటి జతకాని రెండు సరైన వస్తువులు ఒక చేతిలో కలిశాయి, అంతే. ఎరుపుకీ నారింజకీ తేడా పగటి వెలుతురులో తెలుస్తుంది. వార్డు చివర మిణుకుమనే ట్యూబులైటు కింద, తెల్లవారుజామున నాలుగింటికి తెలియాలంటే ఆగి చూడాలి.

పొటాషియం క్లోరైడ్ సంగతి ఇంకా భయంకరం. 10 మిల్లీలీటర్ల ఆంప్యూల్‌లో వస్తుంది. సెలైన్‌లో కలిపి గంటల తరబడి చుక్కచుక్కగా ఎక్కించాలి. అలాగే నేరుగా నరంలోకి తోసేస్తే గుండె ఆగిపోతుంది. పొడి మందులు కలుపుకునే డిస్టిల్డ్ వాటర్ కూడా అలాంటి ఆంప్యూల్‌లోనే, అంతే రంగు లేకుండా వస్తుంది. రెండూ ఒకే ట్రేలో ఉంటే చెయ్యి తప్పడానికి నిర్లక్ష్యమే ఉండనక్కర్లేదు. మన కన్ను అక్షరం అక్షరం కూడబలుక్కుని చదవదు. ఏది ఉంటుందని మెదడు ముందే అనుకుందో దాన్నే ఎక్కువసార్లు చూపిస్తుంది. రోజుకి యాభైసార్లు డిస్టిల్డ్ వాటర్ తీసిన చెయ్యి యాభై ఒకటోసారీ డిస్టిల్డ్ వాటరే తీశాననుకుంటుంది.

దీనికి నిద్రలేమి తోడవుతుంది. 1997లో డాసన్, రీడ్ అనే పరిశోధకులు నేచర్ పత్రికలో ఒక ప్రయోగం ప్రచురించారు. 17 గంటలు మెలకువగా ఉన్న మనిషి పనితనం, రక్తంలో 0.05 శాతం మద్యం ఉన్నవాడి పనితనం స్థాయికి పడిపోతుందని అందులో తేలింది. మన దేశంలో బండి నడిపేవాడికి చట్టం పెట్టిన హద్దు 0.03 శాతం. చోడవరం నుంచో కశింకోట నుంచో వచ్చే నర్సు పొద్దున్న ఆరింటికి లేచి, వంట చేసి, పిల్లల్ని బడికి పంపి, పగలు కునుకు దొరక్క రాత్రి డ్యూటీకెక్కిందనుకోండి. పదకొండు గంటలకే ఆమెకి 17 గంటలు నిండుతాయి. అక్కడి నుంచి డ్యూటీ ఇంకా తెల్లారేదాకా ఉంది. ఆ స్థితిలో బండి నడిపితే పోలీసులు ఆపాలి. మందులు మాత్రం ఇవ్వవచ్చు. బోధనాస్పత్రులు కాని చోట ఐదుగురు రోగులకి ఒక నర్సు ఉండాలని ఇండియన్ నర్సింగ్ కౌన్సిల్ ప్రమాణం. రాత్రిపూట ఆ లెక్క ఎంతకి చేరుతుందో ప్రభుత్వాస్పత్రిలో బంధువుకి తోడు పడుకున్న ఎవరినడిగినా చెబుతారు.

ఇప్పుడొక రాత్రి ఊహించుకుందాం. ఇది ఏ ఒక్కరి కథా కాదు. పైన చెప్పిన ఇన్సులిన్ తప్పే జరిగింది. ఇచ్చిన కాసేపటికి ఆ నర్సే గమనించింది, సిరంజి మూత చూసి గుండె గుభేలుమంది. పరిగెత్తి డ్యూటీ డాక్టర్ని లేపింది. షుగర్ చూశారు, 25 శాతం డెక్స్‌ట్రోజ్ ఎక్కించారు. రోగి తేరుకున్నాడు. తెల్లారేసరికి లేచి కూర్చుని, "సిస్టరమ్మా, టీ తాగొచ్చా?" అని అడిగాడు కూడా. వైద్యం లెక్కలో కథ సుఖాంతం. డ్యూటీ దిగబోతుంటే ఆఫీసు నుంచి మెమో వచ్చింది. నిర్లక్ష్యం ఎందుకు వహించారో సంజాయిషీ ఇవ్వాలి. హ్యాండోవర్ తీసుకునే సీనియర్ ఒకావిడ నలుగురి ముందూ, "ఏమ్మా, మూత చూసుకోవద్దూ?" అంది. అందులో పెద్ద కోపమేమీ లేదు. కానీ ఆ నర్సుకి నెలల తరబడి వినిపించేది ఆ మాటే.

ఎందుకలా? ప్రమాదం తెలిసిన క్షణంలో ఒంట్లో అడ్రినలిన్, మెదడులో నార్‌అడ్రినలిన్ ఎగదన్నుతాయి. మెదడులో అమిగ్డలా అనే బాదంగింజంత భాగం జ్ఞాపకాలు పోగయ్యే చోటుకి గట్టిగా కబురు పెడుతుంది: ఇది ముఖ్యం, దాచిపెట్టు. తీవ్రమైన భావోద్వేగంలో పడిన జ్ఞాపకం ఇలా లోతుగా ముద్రపడుతుందని జేమ్స్ మెక్‌గా దశాబ్దాల పరిశోధనతో చూపించాడు. పులి నుంచి తప్పించుకున్నవాడికి ఇది మేలే, మళ్లీ ఆ దారిన పోడు. నర్సు మాత్రం మర్నాడు అదే దారిన పోవాలి. అదే ఫ్రిజ్ తెరవాలి, అదే సీసా తియ్యాలి, అదే మంచం పక్కన నిలబడాలి. ఆ మంచం మీద వేరే రోగి ఉన్నా గుండె దడదడలాడుతుంది. రాత్రి నిద్రలో సన్నివేశం మొదటి నుంచీ నడుస్తుంది. రోగి బతికాడా పోయాడా అన్నదానితో ఈ బాధ నేరుగా తూగదు. తృటిలో తప్పిన ప్రమాదాలు కూడా కొందరిని ఏళ్లపాటు వెంటాడతాయి.

మన దగ్గర దీనికి ఇంకో పొర ఉంది. ఉసురు తగులుతుందన్న భయం. బీఎస్సీ నర్సింగ్ చదివి, ఫార్మకాలజీ బట్టీపట్టిన అమ్మాయి కూడా తన బిడ్డకి జ్వరమొస్తే, ఆ రోగి ఉసురేనేమో అనుకుంటుంది. నూకాలమ్మ గుడికెళ్లి మొక్కుకుంటుంది. చదువుకున్నవాళ్లం దీన్ని మూఢనమ్మకమని కొట్టిపారేయవచ్చు. నాకు మాత్రం, ఆస్పత్రిలో ఎవరితోనూ చెప్పుకునే వీల్లేని మనిషి ఆఖరికి అమ్మవారితో చెప్పుకుంటోందనిపిస్తుంది.

తోటివాళ్ల తీర్పు అంత కఠినంగా ఎందుకుంటుందో చెప్పే ప్రయోగం ఒకటుంది. 1975లో ప్రచురించిన ఆ పరిశోధనలో బరూచ్ ఫిష్‌హాఫ్ కొందరికి 1814 నాటి బ్రిటిష్-గూర్ఖా పోరు గురించి చదివించాడు. ఒక గుంపుకి బ్రిటిష్‌వాళ్లు గెలిచారని చెప్పాడు, ఇంకో గుంపుకి గూర్ఖాలు గెలిచారని, మరో గుంపుకి ఇంకేదో జరిగిందని. ఎవరికి ఏ ఫలితం చెబితే, అదే జరుగుతుందని ముందే ఊహించవచ్చని వాళ్లకి అనిపించింది. ఫలితం తెలిశాక దారి మొత్తం తిన్నగా కనిపిస్తుంది. మూత చూసుకోవద్దా అన్న సీనియర్ చేసింది ఇదే. తప్పు చేసిన నర్సు తన మీద తాను చేసుకునేదీ ఇదే. ఆ రాత్రి ఆమె కళ్లకి ఆ ఎర్ర మూత మిగతా యాభై మూతల్లో ఒకటి. తెల్లారాక ఆమె జ్ఞాపకంలో అదొక్కటే మూత.

ఈ బాధని వైద్యశాస్త్రం చర్చకి తెచ్చింది ఆల్బర్ట్ వూ అనే అమెరికన్ డాక్టరు. 1991లో ప్రచురించిన అధ్యయనంలో ఆయన బృందం 114 మంది జూనియర్ డాక్టర్లని వాళ్ల పొరపాట్ల గురించి అడిగింది. పై డాక్టరుతో మాట్లాడామన్నవాళ్లు 54 శాతం, రోగికో బంధువులకో చెప్పామన్నవాళ్లు 24 శాతం. 2000లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వూ ఒక చిన్న వ్యాసం రాశాడు. తన తోటి జూనియర్ ఒకడు ఈసీజీలో ఒక సంగతి పోల్చలేకపోయాడు. ఆ కబురు ఆస్పత్రంతా పాకింది, తోటివాళ్లందరూ కలిసి వాణ్ణి అసమర్థుడని తేల్చేశారు. రోగి తర్వాత, తప్పులో రెండో బాధితుడు ఆ తప్పు చేసినవాడేనని వూ వాదన. ఆ వ్యాసం డాక్టర్ల గురించే అయినా నర్సుల్ని కూడా ప్రస్తావించింది. ఆస్పత్రి మెట్ల వరసలో వాళ్లు కింద ఉన్నారు కాబట్టి తప్పుని ఎదుర్కొనే వెసులుబాటు వాళ్లకి ఇంకా తక్కువని ఆయన గమనించాడు.

దీనికి ఎదురుమాట కూడా గట్టిదే. ఆస్పత్రి తప్పుల వల్ల ఆప్తుల్ని పోగొట్టుకున్నవాళ్లు 2019లో అదే పత్రికలో, సిబ్బందిని బాధితులనడం ఆపమన్నారు. బిడ్డ పోయిన తల్లి పక్కన మందు ఇచ్చిన మనిషిని బాధితురాలిగా నిలబెడితే బాధ్యత ఎవరిదని వాళ్ల ప్రశ్న. నేనైతే ఆ తల్లి పక్షానే ఉంటాను. కానీ ఆ తల్లికి నిజం చెప్పగలిగే మనిషి వార్డులో ఒక్కరే ఉంటారు, ఆ మనిషి నోరు నొక్కితే ఆ తల్లికి ఒరిగేదేమీ లేదు.

ఆ 2019లోనే మన దగ్గర ఏం జరిగిందో చూడండి. మార్చి మొదటి వారంలో హైదరాబాద్ నాంపల్లి పట్టణ ఆరోగ్య కేంద్రంలో పసిపిల్లలకి పెంటావాలెంట్ టీకా వేశారు. టీకా తర్వాత జ్వరమొస్తే వెయ్యమని పారాసెటమాల్ మాత్రలు ఇవ్వడం మామూలు. ఆ రోజు తల్లుల చేతికి వెళ్లింది ట్రమడాల్. పెద్దవాళ్ల తీవ్రమైన నొప్పులకి వాడే, నల్లమందు జాతి మాత్ర. పసివాళ్లలో అది ఊపిరినే అణిచేస్తుంది. పిల్లలు మగతలోకి జారిపోయారు, పదుల సంఖ్యలో నిలోఫర్ ఆస్పత్రికి చేర్చారు. ఇద్దరు పసికందులు చనిపోయారు. రెండు మందుల అట్టలూ ఒకేలా కనిపించడం గురించి అప్పుడు పత్రికలు రాశాయి. సిబ్బంది మీద వేటు పడింది. పడాల్సిందే అనుకుందాం. పసిపిల్లల టీకాలు వేసే కేంద్రంలో ఆ మాత్ర ఆ బల్ల దాకా ఎలా వచ్చిందన్న ప్రశ్నకి వేటు జవాబు కాదు. ఇంకో సంగతి. ఆ వారం రాష్ట్రంలోని ప్రతి ఏఎన్ఎమ్ ఆ వార్త చదివి ఉంటుంది. మర్నాడు తల్లి చేతిలో మాత్ర పెట్టేటప్పుడు ఎంతమంది చేతులు వణికుంటాయో లెక్క కట్టినవాళ్లు లేరు.

వణికే చెయ్యి జాగ్రత్తగా పనిచేస్తుందని మనకో నమ్మకం. పరిశోధన మరోలా చెబుతోంది. మేయో క్లినిక్‌కి చెందిన కాలిన్ వెస్ట్ బృందం జూనియర్ డాక్టర్లని ఏళ్ల తరబడి పరిశీలించి 2006లో ఫలితాలు ప్రచురించింది. తప్పు చేశామన్నవాళ్లలో కుంగుబాటూ, పని మీద విసుగూ పెరిగాయి. అలా విసిగిపోయినవాళ్లలో తర్వాతి తప్పులు ఎక్కువయ్యాయి. ఒకటి రెండోదాన్ని పెంచుతూ పోయింది. మరుసటి ఏడాది వెలువడిన ఒక సర్వేలో అమెరికా, కెనడాల్లో 3,171 మంది డాక్టర్లని అడిగితే, మళ్లీ తప్పు చేస్తామేమోనన్న బెంగ పెరిగిందని 61 శాతం మంది, ఆత్మవిశ్వాసం సడలిందని 44 శాతం మంది, నిద్ర పట్టడం లేదని 42 శాతం మంది చెప్పారు. వీళ్లంతా మెట్ల వరసలో పైనున్నవాళ్లే. మనసు సగం గతంలో ఉన్న మనిషికి ముందున్న సిరంజి మీద ఉండేది సగం దృష్టే. ప్రతి మందూ మూడుసార్లు చూసుకుని, మళ్లీ వెనక్కొచ్చి చూసుకునేసరికి పక్క మంచానికి ఇవ్వాల్సిన యాంటీబయాటిక్ గంట ఆలస్యమవుతుంది.

ఇది ఎంత దూరం పోతుందో సియాటిల్ పిల్లల ఆస్పత్రిలో తేలింది. కింబర్లీ హయాట్ అక్కడ ఇరవై ఏళ్లకి పైగా అనుభవమున్న నర్సు. 2010 సెప్టెంబరులో గుండెజబ్బుతో ఉన్న ఎనిమిది నెలల బిడ్డకి 140 మిల్లీగ్రాములివ్వాల్సిన కాల్షియం క్లోరైడ్‌ని లెక్క తప్పి 1.4 గ్రాములు ఇచ్చింది. తప్పు తానే కనిపెట్టి, అక్కడికక్కడే చెప్పింది. కొద్దిరోజులకి బిడ్డ చనిపోయింది. ఆ బిడ్డ పరిస్థితి అసలే విషమం కాబట్టి, మరణానికి ఆ మందు ఎంతవరకు కారణమో స్పష్టంగా తేలలేదు. హయాట్ ఉద్యోగం పోయింది. లైసెన్సు మీద నిఘా షరతులు పడ్డాయి. ఏడు నెలల తర్వాత ఆమె తన ప్రాణం తీసుకుంది. తప్పుని దాచకుండా చెప్పిన మనిషికి జరిగిందిది. చూసిన మిగతా నర్సులు ఏం నేర్చుకుని ఉంటారు?

శిక్షతో పని లేకుండా తప్పు ఆగిన సందర్భమూ ఉంది. పొటాషియం పొరపాటున తోసెయ్యడం వల్ల మరణాలు జరుగుతున్నాయని 1998లో అమెరికా ఆస్పత్రుల గుర్తింపు సంస్థ హెచ్చరిక జారీ చేసింది. నర్సులకి ఇంకోసారి జాగ్రత్తలు బోధించమని కాదు, గాఢ పొటాషియం ఆంప్యూళ్లని వార్డు అల్మారాల్లోంచి తీసేసి ఫార్మసీలో ఉంచమని. ఆ తర్వాత అలాంటి మరణాల నివేదికలు బాగా తగ్గాయి. అదే రాత్రులు, అదే అలసట. ఆంప్యూల్ మాత్రం చేతికందే చోట లేదు.

ఇక చట్టం. పాత ఐపీసీ 304ఎ ప్రకారం నిర్లక్ష్యంతో మరణానికి కారణమైతే డాక్టరుకైనా నర్సుకైనా గరిష్ఠ శిక్ష రెండేళ్లు. 2024 జులై 1 నుంచి దాని స్థానంలో భారతీయ న్యాయ సంహిత 106వ సెక్షన్ వచ్చింది. గరిష్ఠ శిక్ష ఐదేళ్లకి పెరిగింది, చికిత్స చేసే రిజిస్టర్డ్ మెడికల్ ప్రాక్టిషనర్లకి మాత్రం రెండేళ్ల దగ్గరే ఆగింది. ఆ మినహాయింపు నేషనల్ మెడికల్ కమిషన్ చట్టం కింద రిజిస్టరులో పేరున్నవాళ్లకే. నర్సుల పేర్లుండేది నర్సింగ్ కౌన్సిల్ రిజిస్టరులో. అంటే ఒకే మంచం దగ్గర, ఒకే మందు విషయంలో, రాసిన చేతికి రెండేళ్లు, ఎక్కించిన చేతికి ఐదేళ్లు. సరిగ్గా అదే 2024లో అమెరికాలో కెంటకీ రాష్ట్రం, తీవ్ర నిర్లక్ష్యమో దురుద్దేశమో లేని వైద్య పొరపాట్లకి సిబ్బంది మీద క్రిమినల్ కేసులు పెట్టకుండా చట్టం చేసుకుంది. అంతకు రెండేళ్ల ముందు టెనెసీ రాష్ట్రంలో రాడొండా వాట్ అనే నర్సుని మందు తారుమారైన కేసులో కోర్టు దోషిగా తేల్చింది, మూడేళ్ల ప్రొబేషన్ విధించింది. ఇక మీదట తప్పు జరిగితే ఎవరు నోరు విప్పుతారని ఆ దేశపు నర్సులు రోడ్డెక్కారు. కెంటకీ ఆ మాట విన్నది. మన చట్టం రాసినవాళ్లకి నర్సు గుర్తొచ్చినట్టే లేదు.

పెద్ద నగరంలో తప్పు చేసిన నర్సు జనంలో కలిసిపోవచ్చు. అనకాపల్లిలో అది కుదరదు. రోగిది గవరపాలెం, నర్సుదీ గవరపాలెం. కూరగాయల బజారులో ఎదురవుతారు, కొత్త అమావాస్య జాతరలో ఒకే క్యూలో నిలబడతారు. నిజం చెప్పి క్షమాపణ అడగాలని ఆమెకుంటుంది. ఏం జరిగిందో తెలుసుకోవాలని వాళ్లకుంటుంది. "నువ్వేం మాట్లాడకు, కేసవుతుంది" అని పైవాళ్లు చెబుతారు. ఈ మౌనం తప్పుకంటే ఎక్కువ కాలం నిలుస్తుంది. ఊళ్లో పుకార్లు మిగతా ఖాళీలు పూరిస్తాయి.

మిస్సోరీ విశ్వవిద్యాలయ ఆస్పత్రిలో సూజన్ స్కాట్ అనే నర్సు ఇలాంటి అనుభవాలున్న 31 మందితో మాట్లాడి 2009లో తన పరిశోధన ప్రచురించింది. వాళ్లు చివరికి మూడు దారుల్లో తేలారు. కొందరు మానేశారు లేదా మంచం పక్కన పని వదిలి వేరే డ్యూటీకి మారిపోయారు. కొందరు పనిచేస్తూనే లోపల మోస్తూ ఉండిపోయారు. కొందరు ఆ తప్పుని పట్టుకుని వార్డు పద్ధతులు మార్చారు. ఎవరు ఏ దారిన పోతారన్నదాంట్లో తర్వాత దొరికిన ఆసరాకి పెద్ద పాత్రే ఉంది. ఆమె వేసుకున్న లెక్క ప్రకారం పది మందిలో ఆరుగురికి కావాల్సింది అదే వార్డులో తోటివాళ్ల మాట. ముగ్గురికి ఇందులో శిక్షణ పొందిన సహోద్యోగి సాయం. సైకాలజిస్టు దాకా వెళ్లాల్సింది ఒక్కరే.

ఈ లెక్క మనకి ఎందుకు ముఖ్యమంటే, సైకాలజిస్టు పోస్టు మంజూరు కావాలి, భర్తీ కావాలి, జీతం రావాలి. మొదటి ఆరుగురికి ఇవేవీ అక్కర్లేదు. ఎంక్వైరీ జరగాలి, మెమో ఇవ్వాల్సి వస్తే ఇవ్వాలి. అందులో అడిగే ప్రశ్నలు మాత్రం మారవచ్చు. ఆ రాత్రి వార్డులో ఎంతమంది రోగులున్నారు? ఎంతసేపటి నుంచి డ్యూటీలో ఉన్నారు? రెండు గాఢతల ఇన్సులిన్ ఒకే ఫ్రిజ్‌లోకి ఎలా వచ్చింది? ఈ మూడోదానికి జవాబు నర్సు దగ్గర ఉండదు, స్టోర్సు ఇండెంట్ రిజిస్టరులో ఉంటుంది.

మిగిలింది హెడ్ నర్సు చేతిలో పని. ఆ పొద్దున మందుల బాధ్యత ఇంకొకరికి అప్పజెప్పి, ఆమెని పక్క గదిలో కూర్చోబెట్టి, "ఏం జరిగిందో చెప్పమ్మా" అని సంజాయిషీ కోసం కాకుండా అడగడం. రోగి ఎలా ఉన్నాడో సాయంత్రం ఫోన్ చేసి చెప్పడం, ఎందుకంటే ఆమె అడగడానికి భయపడుతుంది. ఆ తర్వాతి నైట్ డ్యూటీకి ఆమెని ఒంటరిగా వెయ్యకుండా, మొదటి వారం ఇన్సులిన్ ఇచ్చేటప్పుడు సీసానీ సిరంజినీ పైకి చదివి వినిపించడానికి పక్కన ఇంకో మనిషిని ఉంచడం. డ్యూటీ చార్టు రాసేది ఆవిడే, దానికి జీవో రానక్కర్లేదు.